హెడ్‌లెస్ సైటుకు విజువల్ ఎడిటర్ ఎంచుకోవడం ఎలా? రోజూ రాసే మనిషి కుర్చీ దగ్గర నుంచి మొదలుపెట్టండి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో చిన్న సంస్థలకు వెబ్‌సైట్లు కట్టడం నా పని. హోమ్‌స్టే నడిపేవారు, ట్రావెల్స్ వారు, శ్రీకాళహస్తి కలంకారీ అమ్మేవారు, మామిడి గుజ్జు పరిశ్రమలవారు, ఎవరిని కలిసినా ఈ మధ్య ఒకే మాట అడుగుతున్నారు: "సైటు వేగంగా తెరుచుకుంటోంది, బాగానే ఉంది. కానీ రాసేటప్పుడు పేజీ కనబడటం లేదు. కనబడేలా చేసే టూల్ ఏది తీసుకోవాలి?" విడివిడిగా చెప్పి చెప్పి, చివరకు ఒకచోట రాస్తే మేలనిపించింది.

చిత్తూరు దగ్గర ఒక గుజ్జు పరిశ్రమ ఆఫీసులో చూసిన సంగతి ముందు చెబుతాను. జూన్ నెల, తోతాపురి కొనుగోళ్ళు జోరుగా ఉన్నాయి. లెక్కలు చూసే ఉద్యోగిని రోజూ ఉదయం రైతుల కోసం టన్ను ధరను సైటులో పెట్టాలి. ఒక కిటికీలో ఫారం, మరో కిటికీలో సైటు తెరిచి పెట్టుకుంది. ధర రాసింది, పబ్లిష్ నొక్కింది, రెండు నిమిషాలు ఆగింది, పేజీ మళ్ళీ తెరిచింది. సున్నా ఒకటి ఎక్కువ పడింది. సరిచేసి మళ్ళీ పబ్లిష్ నొక్కేలోపే తప్పు ధర చూసిన రైతు ఒకరు ఫోను చేశారు. "సార్, నేను రాసేది ఎక్కడికి పోతోందో నాకు కనబడదు" అని ఆమె నాతో అన్నది. టూల్ ఎంపికను నేను అప్పటి నుంచి ఆమె లాంటి వారి కుర్చీ దగ్గర నుంచే మొదలుపెడుతున్నాను. ఫీచర్ల పట్టిక తర్వాత చూడవచ్చు.

హెడ్‌లెస్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. రాతలు, బొమ్మలు, ధరలు ఒకచోట ఫారాల రూపంలో ఉంటాయి, ఆ చోటునే సీఎంఎస్ అంటారు. ఫారంలోని ఒక్కో గడి ఒక్కో ఫీల్డు. పేజీ మరోచోట తయారవుతుంది. సమాచారాన్ని అటూ ఇటూ మోసే ఎపిఐ అనే దారి రెంటినీ కలుపుతుంది. మొబైల్ యాప్‌కూ సైటుకూ అదే కంటెంట్ వాడుకోవచ్చు, సైటు తేలికగా ఉంటుంది. పోయేది ఒక్కటే: రాసేవారికి పేజీ కంటి ముందు ఉండదు. ఆ లోటు తీర్చేదే విజువల్ ఎడిటర్.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

మీ సైటుకు హెచ్‌టీటీపీఎస్ (భద్రమైన కనెక్షన్) ఉన్న పరీక్ష చిరునామా ఒకటి. అసలు సైటు మీద ప్రయోగం వద్దు.

మీ సైటులో అన్నిటికన్నా చిక్కైన పేజీ ఒకటి. హోమ్‌పేజీ ఎప్పుడూ అందంగానే ఉంటుంది, దానితో ఏమీ తేలదు. పట్టికలు, బొమ్మలు, రెండు భాషలు ఉన్న పేజీని తీసుకోండి.

రోజూ రాసే మనిషి, ఆ మనిషి వాడే కంప్యూటర్, ఆ మనిషికి అలవాటైన తెలుగు కీబోర్డు. ఈ మూడూ ఉండాలి. మీ కొత్త ల్యాప్‌టాప్ మీద చేసిన పరీక్ష ఆమె పాత యంత్రం గురించి ఏమీ చెప్పదు.

ఒక పాత ఆండ్రాయిడ్ ఫోను, ఒక పేజీ నిండా ఒత్తులున్న తెలుగు రాత, డెవలపర్ సమయం రెండు మూడు రోజులు, ఒక నోటు పుస్తకం.

1. ఎవరు, ఏది, ఎన్నిసార్లు మారుస్తున్నారో రాయండి

గత నెలలో సైటులో జరిగిన మార్పులన్నీ నోటు పుస్తకంలో వరుసగా రాయండి. ధర మారిందా, ఫోను నంబరు మారిందా, కొత్త పేజీ పుట్టిందా, విభాగాలు పైకీ కిందికీ కదిలాయా అని విడదీయండి. "మాకు అన్నీ కావాలి" అని మొదలుపెట్టిన చాలా ఆఫీసుల్లో పట్టిక పూర్తయ్యేసరికి ధరలూ నోటీసులే మిగలడం చూశాను.

2. విజువల్ ఎడిటర్ అసలు అవసరమా అని తేల్చుకోండి

నెలకు నాలుగు మార్పులే ఉండి, అవీ అంకెలే అయితే అవసరం లేదు. ఇంకా పబ్లిష్ కాని డ్రాఫ్టును చూపించే ప్రివ్యూ లింకు ఒకటి చాలు. సైట్లు కట్టడానికి వాడే నెక్స్ట్.జెఎస్‌లో డ్రాఫ్ట్ మోడ్ అనే ఏర్పాటు ఇందుకే ఉంది. డెవలపర్‌కు ఒకటి రెండు రోజుల పని. నెలనెలా డాలర్లు కట్టవలసిన పని లేదు. పై గుజ్జు పరిశ్రమకు చివరకు నేను చేసింది కూడా ఇదే, దానితోపాటు ధర ఫీల్డుకు పైహద్దు పెట్టాను. సున్నా ఎక్కువ పడితే ఫారమే ఆపేస్తుంది.

అలా కాకుండా వారానికి రెండు మూడు కొత్త పేజీలు పుడుతున్నా, బ్రహ్మోత్సవాలకో వేసవి సెలవులకో పేజీ రూపం మారుస్తున్నా ముందుకు సాగండి.

3. మూడు రకాల్లో మీకు ఏది కావాలో నిర్ణయించండి

అమ్మేవారు అన్నింటినీ విజువల్ ఎడిటర్ అనే పిలుస్తారు. చేతిలోకి తీసుకుంటే మూడూ వేర్వేరు.

మొదటి రకం పక్కన పేజీని చూపిస్తుంది, మార్చడం మాత్రం ఫారంలోనే. స్ట్రాపిలోని ప్రివ్యూ, పేలోడ్‌లోని లైవ్ ప్రివ్యూ ఈ కోవలోవి. పేలోడ్‌లో టైపు చేస్తుండగానే పక్కన పేజీ మారుతుంది.

రెండో రకంలో పేజీ మీద ఉన్న మాటను నొక్కితే, దానికి సంబంధించిన ఫీల్డు తెరుచుకుంటుంది. స్టోరీబ్లాక్, శానిటీలోని ప్రెజెంటేషన్, టీనా సీఎంఎస్, డాటో సీఎంఎస్ ఇలా పనిచేస్తాయి. స్టోరీబ్లాక్‌లో బ్లాకులను చేర్చడం, వాటి వరుస మార్చడం కూడా అక్కడే కుదురుతుంది.

మూడో రకంలో ముక్కలను లాగి పెట్టి పేజీనే కూర్చవచ్చు. బిల్డర్.ఐఓ, ప్లాస్మిక్, ఓపెన్ సోర్స్‌లో పక్ ఇలాంటివి.

డిజైనర్ లేని ఆఫీసుకు నేను మూడో రకాన్ని సూచించను. స్వేచ్ఛ ఎక్కువైన కొద్దీ ఒక్కో పేజీ ఒక్కో రంగులోకి, ఒక్కో అంతరంలోకి పోతుంది. ఆరు నెలల తర్వాత ఆ సైటును సరిదిద్దడం కన్నా కొత్తగా కట్టడమే సులువవుతుంది. మార్కెటింగుకు ప్రత్యేకంగా మనిషి ఉండి, వారం వారం కొత్త ప్రచార పేజీలు కావాలంటే మాత్రం అదే సరైనది. మిగిలిన చాలామందికి రెండో రకం సరిపోతుంది: నొక్కితే తెరుచుకోవాలి, డెవలపర్ కట్టిన హద్దులు చెరగకూడదు.

4. జాబితాను మూడుకు కుదించండి

ఇప్పటికే ఒక సీఎంఎస్ ఉంటే ముందు దాని సొంత ఎడిటర్‌ను చూడండి. శానిటీ ఉన్నవారు ప్రెజెంటేషన్, కంటెంట్‌ఫుల్ ఉన్నవారు దాని లైవ్ ప్రివ్యూ, ప్రిస్మిక్ ఉన్నవారు దాని పేజ్ బిల్డర్. కంటెంట్‌ను వేరేచోటికి తరలించడం చిన్న పని కాదు.

రాతలన్నీ గిట్‌లో (కోడు మార్పుల చరిత్ర దాచే చోటు) మార్క్‌డౌన్ అనే సాదా రాత ఫైళ్ళుగా ఉంటే టీనా, క్లౌడ్‌కానన్ చూడండి. టీనాలో పేజీ మీద మార్చే సౌకర్యం ప్రధానంగా పేజీలు కట్టే రియాక్ట్ అనే ఫ్రేమ్‌వర్క్ కోసం కట్టింది. పక్ కూడా రియాక్ట్‌దే. మీ సైటు మరో ఫ్రేమ్‌వర్క్‌లో ఉంటే ఈ సంగతి మొదటి రోజే అడగండి, మూడో రోజు కాదు.

5. తెలుగు పరీక్ష పెట్టండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. విదేశీ సంస్థల డెమోల్లో ఈ పరీక్ష ఉండదు. మనమే చేసుకోవాలి.

రాసే మనిషిని కూర్చోబెట్టి, పేజీ మీద నేరుగా ఈ మాటలు టైపు చేయించండి: శ్రీకాళహస్తీశ్వరాలయం, స్త్రీ, జ్యేష్ఠ, క్షేత్రం, హోమ్‌స్టే. విండోస్‌లోని ఫొనెటిక్ కీబోర్డుతో ఒకసారి, ఫోనులో జీబోర్డుతో ఒకసారి. మీ ఆఫీసులో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వాడేవారు ఉంటే వారితోనూ చేయించండి. చూడవలసినవి ఇవి.

కర్సర్ గెంతుతోందా? కొన్ని ఎడిటర్లు ప్రతి కీ నొక్కగానే పేజీని మళ్ళీ గీస్తాయి. మన కీబోర్డు ఇంకా అక్షరాన్ని కూర్చుతూ ఉండగానే పెట్టె మారిపోతే కర్సర్ చివరికి పోతుంది, లేదా అక్షరం రెండుసార్లు పడుతుంది. ఇంగ్లిషులో ఈ తప్పు కనబడదు. ఇలా జరిగితే పేజీ మీద రాయడం మానేసి పక్కన ఉన్న ఫీల్డులో రాసి చూడండి. అక్కడ బాగుంటే ఆ టూల్‌ను వదలనక్కర్లేదు, "పేజీ మీద నొక్కండి, పక్కన రాయండి" అని అలవాటు చేయిస్తే చాలు. పక్కనా అదే తంతైతే ఆ టూల్‌ను జాబితా నుంచి కొట్టేయండి.

అక్షరాల పరిమితి ఎలా లెక్కిస్తోంది? మనం శ్రీకాళహస్తి అంటే అయిదు అక్షరాలు. కంప్యూటర్లు అక్షరాలను దాచే యూనికోడ్ లెక్కలో అవి పన్నెండు సంకేతాలు. స్త్రీ అనే ఒక్క అక్షరానికే ఆరు. శీర్షికకు 60 అని పరిమితి పెట్టిన ఫీల్డు తెలుగులో సగం దారిలోనే ఎర్రగా మారుతుంది. ఆ పరిమితిని మార్చుకునే వీలు ఉందో లేదో చూడండి.

ఇదే లెక్క కార్డుల మీద మరోలా బయటపడుతుంది. శీర్షికను పది సంకేతాల దగ్గర కత్తిరిస్తే "శ్రీకాళహస్" అని పొల్లుతో వేలాడుతుంది. సంకేతాలు లెక్కపెట్టి కోయవద్దని, మాట పూర్తయ్యే చోట కోయమని డెవలపర్‌కు చెప్పండి.

ఒత్తులు తెగుతున్నాయా? ఇంగ్లిషు శీర్షికల కోసం వరుసల మధ్య దూరం అక్షరాల పరిమాణానికి 1.1 రెట్లు అని పెట్టిన డిజైన్లలో కింది ఒత్తు పక్క వరుసకు తగులుతుంది, పెట్టె అంచున ఉంటే తెగిపోతుంది. నేను తెలుగు శీర్షికలకు 1.5 దగ్గర మొదలుపెడతాను. ఇది ఎడిటర్ తప్పు కాదు. కానీ విజువల్ ఎడిటర్ పెట్టిన రోజే అందరికీ కనబడుతుంది, నింద దాని మీద పడుతుంది. ముందే సరిచేసి పరీక్షకు కూర్చోండి.

పేజీ చిరునామా ఎలా పుడుతోంది? తెలుగు శీర్షిక ఇస్తే కొన్ని టూల్స్ చిరునామాను ఖాళీగా వదిలేస్తాయి, ఎందుకంటే ఇంగ్లిషు అక్షరాలు కానివన్నీ తీసేస్తాయి. కొన్ని తెలుగునే ఉంచుతాయి. అప్పుడు ఆ లింకును కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తులతో నిండిపోతుంది. ఒక్కో తెలుగు సంకేతం తొమ్మిది గుర్తులవుతుంది కాబట్టి శ్రీకాళహస్తి అన్న మాట ఒక్కటే 108 గుర్తులు. చిరునామాను చేత్తో ఇంగ్లిషు అక్షరాల్లో రాయడం తప్పనిసరి చేయండి, ఖాళీగా ఉంటే పబ్లిష్ కాకుండా కట్టండి.

అతికించి చూడండి. వాట్సాప్ నుంచి, వర్డ్ నుంచి, కరపత్రం చేసిన డీటీపీ సెంటరు ఫైలు నుంచి కాపీ చేసి అతికించండి. డీటీపీ ఫైలు అను ఫాంట్లలో ఉంటే అది యూనికోడ్ కాదు, ఏ టూల్‌లో పెట్టినా ఇంగ్లిషు అక్షరాల గజిబిజిగానే వస్తుంది. ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఒకసారి చదివి, తర్వాతే అతికించాలి. వర్డ్ నుంచి అతికించినప్పుడు దాని ఫాంటూ రంగూ వెంట వస్తే, శుభ్రం చేసే బటన్ ఎక్కడుందో రాసేవారికి చూపించండి.

6. సైటు ఎడిటర్‌లో తెరుచుకునేలా కలపండి

ఇది డెవలపర్ పని. కానీ ఖాళీ తెర కనబడి "టూల్ పనిచేయడం లేదు" అని వెనక్కి పంపినవారిని చాలామందిని చూశాను కాబట్టి మీరూ తెలుసుకోండి. ఈ ఎడిటర్లలో ఎక్కువ భాగం మీ సైటును ఐఫ్రేమ్ అనే చట్రంలో తెరుస్తాయి. మీ సర్వర్ ఎక్స్-ఫ్రేమ్-ఆప్షన్స్ అనే హెడర్ (బ్రౌజరుకు ఇచ్చే సూచన) పంపుతుంటే చట్రం ఖాళీగానే ఉంటుంది. దాన్ని తీసి, కంటెంట్ సెక్యూరిటీ పాలసీలోని ఫ్రేమ్-యాన్సెస్టర్స్‌లో ఆ ఎడిటర్ డొమైన్‌ను మాత్రమే రాయించండి. తొందరలో నక్షత్రం గుర్తు పెట్టి అందరికీ తలుపు తెరవవద్దు. ఎవరైనా మీ సైటును తమ చట్రంలో పెట్టి జనాన్ని మోసగించే వీలు కలుగుతుంది. ఈ మార్పు కూడా పరీక్ష చిరునామాకే చేయండి.

పేజీ తెరుచుకున్నా డ్రాఫ్టుకు బదులు పాత రాతే కనబడితే కుకీని (బ్రౌజరు దాచుకునే చిన్న గుర్తు) అనుమానించండి. చట్రం లోపల డ్రాఫ్టు కుకీ పనిచేయాలంటే సేమ్‌సైట్ విలువ నన్ (None) అని, సెక్యూర్ అని ఉండాలి. సఫారీ 2020 నుంచి ఇలాంటి మూడో పక్షం కుకీలను మామూలుగానే అడ్డుకుంటోంది. ఆఫీసులో ఐప్యాడ్ మీదనో మ్యాక్ మీదనో పనిచేసేవారు ఉంటే దాని మీద తప్పక తెరిచి చూడండి.

స్టోరీబ్లాక్‌ను పరీక్షిస్తుంటే, డెవలపర్ తన యంత్రంలో నడిపే సైటుకు కూడా హెచ్‌టీటీపీఎస్ పెట్టుకోవాలి. లేకపోతే చట్రంలో తెరుచుకోదు.

7. కనబడని గుర్తుల సంగతి చూసుకోండి

రెండో రకం ఎడిటర్లలో కొన్ని, ఏ మాట ఏ ఫీల్డులోదో గుర్తుపట్టడానికి ప్రతి మాట చివర కంటికి కనబడని గుర్తులను చేరుస్తాయి. ఈ పద్ధతిని స్టెగా అంటారు. శానిటీ ఇలాగే చేస్తుంది. పద్ధతి మంచిదే, పేజీలో డెవలపర్ చేయవలసిన పని బాగా తగ్గుతుంది. కానీ తెలియకపోతే రోజులు తింటుంది.

ఒక సైటులో గుజ్జు ఏ ప్యాకింగ్‌లో వస్తుందో దాన్నిబట్టి డ్రమ్ము బొమ్మ లేదా డబ్బా బొమ్మ రావాలి. అసలు సైటులో వస్తోంది, ఎడిటర్‌లో రావడం లేదు. సగం రోజు నెట్‌వర్కు వెతికాను. కోడు "డ్రమ్ము" అన్న మాటతో పోల్చి చూస్తోంది. ఎడిటర్‌లో ఆ మాట తోకన కనబడని గుర్తులున్నాయి. రెండూ సమానం కావు. అందుకే పోల్చే చోట, తేదీల్లో, లింకుల్లో, గూగుల్‌కు ఇచ్చే శీర్షికల్లో ఆ గుర్తులను తొలగించి వాడాలి.

తొలగించేటప్పుడు తెలుగు వంటి భాషల్లో ఉన్న ప్రమాదం ఒకటుంది, దయచేసి దీన్ని మీ డెవలపర్‌కు చదివి వినిపించండి. ఆ పని కోసం టూల్ ఇచ్చే సొంత ఫంక్షనే వాడాలి. సొంతంగా "కనబడని గుర్తులన్నీ తీసేయి" అని రాస్తే యూ+200సి అనే కనబడని గుర్తు కూడా పోతుంది. హోమ్‌స్టే అన్న మాటలో మ్ తర్వాత స్టే కింద ఒత్తుగా చేరకుండా ఆపేది అదే. అది పోతే "హోమ్స్టే" అవుతుంది. సాఫ్ట్‌వేర్, బ్యాంక్‌లో వంటి మాటలన్నీ ఇలాగే చెడతాయి.

ఈ గుర్తులు డ్రాఫ్టులోనే ఉండాలి, జనం చూసే సైటులో ఉండకూడదు. చూసుకోవడం సులువు: అసలు సైటు నుంచి "తోతాపురి" అన్న మాటను కాపీ చేసి ఏదైనా అక్షరాలు లెక్కపెట్టే పేజీలో అతికించండి. ఎనిమిది అని రావాలి. వందల్లో వస్తే డెవలపర్‌ను పిలవండి.

8. భాషల ఏర్పాటు మీ పద్ధతికి కుదురుతుందో చూడండి

మన జిల్లాలకు ఒక పక్క తమిళనాడు, ఒక పక్క కర్ణాటక. తిరుపతిలో గది అద్దెకిచ్చే సైటుకు తెలుగు, తమిళం, కన్నడం, ఇంగ్లిషు నాలుగూ కావాలి. మాటలు మాత్రమే మారి పేజీ రూపం ఒకటే అయితే, ఒక్కో ఫీల్డుకు నాలుగు భాషల గళ్ళు ఉండే పద్ధతి మంచిది. చెన్నై, వేలూరు నుంచి వచ్చేవారికి ఒక దారి, బెంగళూరు, కోలారు నుంచి వచ్చేవారికి మరో దారి చూపించాలంటే పేజీలే వేరు, అప్పుడు భాషకొక ఫోల్డరు పెట్టుకోవడం మేలు. స్టోరీబ్లాక్‌లో రెండు పద్ధతులూ ఉన్నాయి. కంటెంట్‌ఫుల్ ఫీల్డుల పద్ధతిలో నడుస్తుంది.

తమిళ గడిని ఖాళీగా వదిలి చూడండి. ఇంగ్లిషు కనబడుతుందా, ఖాళీ చోటు కనబడుతుందా, పేజీ విరిగిపోతుందా? మీకు ఏది కావాలో అదే జరగాలి. భాష మార్చినప్పుడు ఎడిటర్‌లోని పేజీ కూడా ఆ భాషలోకి మారాలి. ఫారం తమిళంలో, పేజీ తెలుగులో ఉండే టూల్‌తో రాసేవారు ఒక భాష రాతను మరో భాష గడిలో పోసేస్తారు.

9. అనుమతులు, చరిత్ర, వెనక్కి తెచ్చుకోవడం

రాసేవారు డ్రాఫ్టు వరకే, పబ్లిష్ చేసేది మరొకరు అని కట్టగలరా చూడండి. నిన్నటి ధరను తిరిగి తెచ్చి చూడండి, ఎన్ని నొక్కుళ్ళు పడుతుందో నోటు పుస్తకంలో రాయండి. పాత మార్పులను ఎన్ని రోజులు దాస్తారన్నది ప్లానును బట్టి మారుతుంటుంది, మీరు తీసుకోబోయే ప్లానులోనే పరీక్షించండి.

10. డబ్బు, బయటపడే దారి

బిల్లు దేని మీద పెరుగుతుందో అడగండి: మనుషుల సంఖ్య మీదా, భాషల సంఖ్య మీదా, ఎపిఐ పిలుపుల మీదా? బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజుల్లో మీ సైటుకు వచ్చే రద్దీతో లెక్క వేయండి, మామూలు వారంతో కాదు. కార్డు మీద నెలనెలా తానుగా కట్ అయ్యే మొత్తం 15,000 రూపాయలు దాటితే రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం ప్రతిసారీ ఓటీపీ వంటి అనుమతి కావాలి. యజమాని ఆ సందేశం చూసుకోకపోతే చెల్లింపు ఆగిపోతుంది. ఆ ఫోను ఎవరి దగ్గరుంటుందో ముందే అనుకోండి.

ఈ రంగంలో పేర్లూ యజమానులూ త్వరగా మారుతారు. నెట్‌లిఫై సీఎంఎస్ 2023లో డెకాప్ అయింది. స్టాక్‌బిట్‌ను అదే ఏడాది నెట్‌లిఫై కొన్నది. పేలోడ్‌ను 2025లో ఫిగ్మా కొన్నది. కాబట్టి పరీక్ష వారంలోనే మీ కంటెంట్ మొత్తాన్ని ఒకసారి బయటికి దింపుకోండి. ఫైలు తెరిస్తే తెలుగు అక్షరాలకు బదులు 0సి24 వంటి సంకేతాలు కనబడవచ్చు, కంగారు వద్దు, అది "త" అనే అక్షరమే. బొమ్మలూ వచ్చాయా, వాటి వివరణలూ వచ్చాయా చూడండి. గిట్ ఆధారిత టూల్స్‌లో ఈ బాధ తక్కువ, ఫైళ్ళు మొదటి నుంచీ మీ దగ్గరే ఉంటాయి. లాగి పెట్టే రకంలో బాధ ఎక్కువ: రాతలు బయటికి వస్తాయి గానీ, పేజీ కూర్పు వారి పద్ధతిలోనే ఉంటుంది.

11. చివరి పరీక్ష

డెవలపర్‌ను గది బయట ఉంచండి. రాసే మనిషికి అయిదు పనులు చీటీ మీద రాసివ్వండి: ఒక ధర మార్చడం, ఒక బొమ్మను మార్చి వివరణ రాయడం, ఒక నోటీసు చేర్చడం, ఒక విభాగాన్ని పైకి తేవడం, చేసిన దాన్ని వెనక్కి తీసుకోవడం. మీరు పక్కన కూర్చోండి, మాట్లాడవద్దు. చేయి మౌస్ మీద ఎక్కడ ఆగుతోందో చూడండి. ఒకసారి ఒకామె పబ్లిష్ బటన్ మీద వేలు పెట్టి నొక్కకుండా చాలాసేపు ఆగింది. నొక్కితే ఈ ఒక్క పేజీ పోతుందా, అన్నీ పోతాయా అని ఆమెకు అక్కడి మాటను బట్టి తెలియలేదు. ఆ టూల్‌లో బటన్ పేరు మార్చే వీలుంది కాబట్టి "ఈ పేజీని సైటులో పెట్టు" అని తెలుగులో పెట్టించాం. మరుసటి రోజు ఆగలేదు.

ఇదే పరీక్షను ఆఫీసు వైఫై తీసేసి ఫోను హాట్‌స్పాట్ మీద ఒకసారి చేయించండి. విజువల్ ఎడిటర్ ఒకేసారి తననూ మీ సైటునూ తెరవాలి. 4 జీబీ మెమరీ ఉన్న యంత్రాల్లో ఇది బరువవుతుంది. తెరుచుకోవడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాయండి. ఫారం తెరవడం కన్నా బాగా ఎక్కువసేపు పడితే రాసేవారు రెండో వారం నుంచి ఫారంలోకే వెళ్ళిపోతారు, మీరు కట్టిన డబ్బు వృథా.

తర్వాత పాత ఫోనులో అసలు సైటు తెరవండి. ఎడిటర్‌లో మారింది గానీ సైటులో మారలేదంటే తప్పు ఎక్కువసార్లు ఎడిటర్‌లో ఉండదు. పబ్లిష్ అయ్యాక సైటుకు కబురు పంపే వెబ్‌హుక్ లేదు, లేదా పాత పేజీని క్యాషే దాచి ఉంచింది. పబ్లిష్ నొక్కిన దగ్గర నుంచి ఫోనులో కనబడేదాకా ఎంతసేపో కొలవండి, ఆ సమయాన్ని రాసేవారికి చెప్పండి. తెలియకపోతే మళ్ళీ మళ్ళీ పబ్లిష్ నొక్కుతూనే ఉంటారు. పరీక్ష చిరునామాను గూగుల్ పట్టుకోకుండా నోఇండెక్స్ పెట్టారో లేదో కూడా ఇప్పుడే చూడండి, వచ్చే నెల ప్రకటించవలసిన తగ్గింపు ధర ఈ నెలే వెతుకులాటలో బయటపడకూడదు.

మూడు టూల్స్‌కూ ఈ చీటీ పరీక్ష అయ్యాక నోటు పుస్తకంలోని సమయాలను పక్కపక్కన పెట్టండి. రెండు దగ్గరగా ఉంటే రాసే మనిషినే అడగండి, ఆమె ఎంచుకున్నదే తీసుకోండి. మొదట నెలవారీ ప్లాను కట్టండి, ఏడాదికి కట్టవద్దు. పాత ఫారం దారిని రెండు వారాలు మూయకుండా ఉంచండి. ఆ రెండు వారాల్లో ఆమె ఎన్నిసార్లు దానిలోకి వెళ్ళిందో, ఏ పని కోసం వెళ్ళిందో అడిగి రాసుకోండి. డెవలపర్‌కు ఇవ్వవలసిన తర్వాతి పనుల జాబితా అదే.